మగ్గము కీలుకు పెట్టిన అప్పు

మన సంఘ పత్రికలో నూలు ధరలు, రంగుల ధరలు, సహకార సంఘముల బకాయిలు, జి.ఎస్.టి. చిక్కులు మున్నగువానిని గూర్చి వ్రాయుట పరిపాటి. ఈ సారి మోకాలిని గూర్చియు, భుజమును గూర్చియు వ్రాయబూనినందుకు పాఠకులు మన్నింతురు గాక. నూలు లేనిదే మగ్గము నడువదు, నిజమే. మోకాలు లేనిదే నడచునా? పోగు తెగినచో ముడి వేసికొందుము. కీలు అరిగినచో ముడి వేయుటకు వీలు లేదు. కనుక ఇదియు మన వృత్తికి సంబంధించిన విషయమే.

నేను మనవి చేయదలచినది ఒక్కటే. మనుష్యుని కీళ్ళు ఎట్లు కదలుచున్నవో, ఎంత బరువు మోయుచున్నవో, ఎంత కాలమునకు అరుగుచున్నవో కొలిచి చూచుటకు ప్రయోగశాలలలో యంత్రములు కలవు. కీలు కదలికను అవి అచ్చముగా అనుకరించును. వానికి నడక నేర్పిరి; మెట్లెక్కుట నేర్పిరి. అయితే నేటి ప్రామాణిక పరీక్షలలో మగ్గముపై కూర్చున్నవాని కదలికకు చోటు లేదు. ఆ చోటు ఇమ్మని అడుగు హక్కు మనకున్నది. ఏలయన ఆ శాస్త్రము తడబడుచున్న దినములలో దానికి దారి చూపినది మగ్గమే.

ఆ కథ మనలో చాలమందికి తెలియదు. లాంకషైరు పేరు వినని నేత కుటుంబము మాత్రము ఉండదు. 19వ శతాబ్దములో అక్కడి మిల్లు గుడ్డ ఓడలెక్కి వచ్చి మన తాతముత్తాతల మగ్గములను మూల బెట్టినది. ఆ లాంకషైరులోనే రైటింగ్టన్ అను చోట ఒక ఆసుపత్రి కలదు. అందు జాన్ ఛార్న్‌లీ అను శస్త్రవైద్యుడు, తుంటి కీలు అరిగి నడువలేనివారికి కృత్రిమమైన కీలు అమర్చు మార్గమును వెదకుచుండెను. తుంటి కీలు అనగా ఒక గిన్నె, ఆ గిన్నెలో తిరుగు ఒక గుండు. గుండును ఉక్కుతో చేయించెను. గిన్నెకు నునుపైన పదార్థము కావలసివచ్చెను. 1950 దశకపు చివరి సంవత్సరములలో ఆయన టెఫ్లాన్ అను ప్లాస్టిక్కును ఎంచుకొనెను. చేతితో తాకి చూచిన దానికంటె నునుపైనది మరియొకటి లేదు. సుమారు 300 మందికి దానిని అమర్చిరి. మంచముపట్టినవారు లేచి నడచిరి. అందరును సంతోషించిరి. ఆ సంతోషము రెండు మూడేండ్లకు మించలేదు. గిన్నెలు అరిగిపోయెను. అరిగిన పొడి చుట్టునున్న కండలో చేరి వాపు పుట్టించెను. నమ్మి వచ్చిన రోగులలో పెక్కుమందికి మరల కోత తప్పలేదు.

ఆసుపత్రి కార్ఖానాలో హ్యారీ క్రేవెన్ అను పనివాడు ఉండెను. కీలు రాపిడిని, అరుగుదలను పరీక్షించు మర ఒకదానిని అతడు తన చేతులతో తయారు చేసియుండెను. 1962లో సామానులు అమ్ముకొను వ్యక్తి ఒకడు అతని యొద్దకు వచ్చి జర్మనీ నుండి వచ్చిన క్రొత్త ప్లాస్టిక్కు ముక్కను చూపెను. లాంకషైరు మరమగ్గములలో ఎడతెగని దెబ్బకు, రాపిడికి నిలువవలసిన భాగములను దానితో చేయుచుండిరి. ఛార్న్‌లీ ఆ ముక్కను తీసికొని బొటనవ్రేలి గోరు గ్రుచ్చి చూచి, దీనితో కాలము వృథా చేయవలదని చెప్పి వెడలిపోయెను. క్రేవెన్ మాత్రము దానిని తన మరకు బిగించెను. మూడు వారములు రాత్రింబగళ్ళు మర తిరిగెను. అంత తిరిగినను, టెఫ్లాన్ ఒక్క దినములో అరుగునంత కూడ ఆ ముక్క అరుగలేదు.

ఛార్న్‌లీ గొప్పతనము తరువాత కనబడినది. మర చెప్పిన తీర్పును ఆయన అంగీకరించెను. తాను ముందు వాడిన పదార్థమును, ఈ క్రొత్త పదార్థమును కొంచెము కొంచెము తన తొడలోనే ఎక్కించుకొని దేహమునకు ఏది పడునో, ఏది పడదో పరీక్షించుకొనెను. 1962 నవంబరులో క్రొత్త గిన్నెను రోగికి అమర్చెను. ఆ పదార్థము పాలిథిలీన్‌లో మిక్కిలి గట్టి రకము. నేటికిని లోకమంతట తుంటి కీలు, మోకాలి కీలు మార్పిడిలో విరివిగా వాడబడుచున్నది దాని సంతతియే. మన ఊళ్ళలో మోకాలు మార్పించుకొని వచ్చిన పెద్దల కాలిలో కూడ సాధారణముగా ఉండునది అదియే.

ఈ కథలో మనము గ్రహించవలసినవి రెండు. మొదటిది, వైద్యశాస్త్రము వెదకి వెదకి అలసిన వస్తువు మగ్గము దగ్గర దొరకినది. రెండవది, పెద్ద వైద్యుని గోటి తీర్పు కంటె పనివాని మర తీర్పు సరియైనది. కొలిచి చూడక నమ్మినందున 300 మంది కష్టపడిరి. కొలిచి చూచినందున తరువాతి లక్షలమంది నడచిరి.

నాటి మర నేడు ఎంతో పెరిగినది. కృత్రిమ కీళ్ళ పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణములు ఏర్పడినవి. కీలును యంత్రమునకు బిగించి, దూడ రక్తము నుండి తీసిన ద్రవములో ముంచి, దేహపు వేడికి సమానముగా 37 డిగ్రీల వేడిలో ఉంచి, క్షణమునకు ఒక అడుగు చొప్పున నడిపించుదురు. అడుగు మోపునపుడు బరువు హెచ్చును, కాలెత్తునపుడు తగ్గును. కీలు వంగును, చాచును, కొంచెము మెలి తిరుగును. ఇట్లు 50 లక్షల అడుగులు వేయించుదురు. ఎడతెగక నడిపినను ఇందుకు 58 దినములు పట్టును. నడుమ నడుమ ఆపి, గిన్నెను తీసి, కడిగి, ఆరబెట్టి, మిల్లీగ్రాముల వరకు తూచి, ఎంత అరిగినదో వ్రాసికొందురు. సామాన్యుడు ఏడాదికి సుమారు 10 లక్షల అడుగులు వేయునని వారి లెక్క. అనగా 50 లక్షలు అయిదేండ్ల నడకకు సమానము.

ఇది కృత్రిమ కీలు సంగతి. సహజమైన కీలును పరీక్షించు పద్ధతులు వేరుగా కలవు. ఆక్స్‌ఫర్డులో జాన్ గుడ్‌ఫెలో అను శస్త్రవైద్యుడును, జాన్ ఓకానర్ అను ఇంజనీరును కలిసి మోకాలిని గూర్చి ఏండ్ల తరబడి కృషి చేసిరి. ఆక్స్‌ఫర్డు పేరుతో ప్రసిద్ధమైన మోకాలి యంత్రములో, శాస్త్రమునకై దానము చేయబడిన దేహములోని మోకాలిని నిలువుగా అమర్చి, తొడ ముందరి కండరము లాగునట్లే దాని నరమును మరతో లాగుదురు. గొంతుకూర్చున్నవాడు లేచునట్లు మోకాలు వంగి లేచును. బెర్లిన్‌లో గియోర్గ్ బెర్గ్‌మన్ బృందము ఇంకొక అడుగు ముందుకు వేసి, రోగుల సమ్మతితో కృత్రిమ కీలు లోపలనే కొలత పరికరమును, కొలతను రేడియో ద్వారా బయటికి పంపు ఏర్పాటును ఇమిడ్చెను. మామూలుగా నడుచునపుడే తుంటిపై పడు భారము దేహపు బరువునకు రెండింతలకు మించునని అందువలన రూఢియైనది. కీలును తాకకయే కొలుచు పద్ధతియు కలదు. దేహముపై మెరయు చిన్న గుండ్లు అంటించి, చుట్టును కెమెరాలు పెట్టి, కాలి క్రింద బరువు కొలుచు పలక ఉంచి, ఆ లెక్కలను కంప్యూటరునకు ఇచ్చినచో ఏ కీలు ఎంత వంగినదో, ఏ కండరము ఎంత లాగినదో అది లెక్కగట్టును. ఇందులో నొప్పి లేదు, కోత లేదు.

ఇక మన సంగతికి వత్తము. గుంట మగ్గముపై కూర్చున్న నేతవాడు ఒక్క పేక పోగు వేయుటకు ఏమి చేయును? కాలితో చెక్కను తొక్కును. పడుగు విడును. చేతితో త్రాడు లాగును. నాడె పరుగెత్తును. రెండవ చేతితో పన్నె బిగించిన పలకను తన వైపునకు లాగి కొట్టును. మెడ వంచి పోగు తెగినదేమో చూచును. ఇది ఒక పోగు. అంగుళమునకు 60 పోగులని అనుకొందము. ఆరు గజముల చీరకు 216 అంగుళములు. అనగా ఒక చీరకు 12,960 పోగులు. రెండు దినములకు ఒక చీర చొప్పున ఏడాదికి 150 చీరలు నేసినవాడు త్రాడును 19 లక్షల 44 వేల సార్లు లాగును. ముప్పది ఏండ్లు నేసినచో 5 కోట్ల 83 లక్షలు దాటును. పట్టు నేతకు, బుటా నేతకు లెక్క మారును; వారు తమ లెక్క తాము కట్టి చూచుకొందురు గాక. ప్రయోగశాల లోహపు కీలును లోకములోనికి పంపుటకు ముందు 50 లక్షల సార్లు ఆడించి చూచును. మన భుజము దానికి పదకొండింతలకు మించి ఆడినది. దానిని పరీక్షించిన వారెవరు?

ఇచ్చట ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఈ రెండు లెక్కలును సరిసమానములు కావు. నడకలో తుంటిపై పడునంత భారము త్రాడు లాగునపుడు భుజముపై పడదు. పైగా ప్లాస్టిక్కు గిన్నెకు ప్రాణము లేదు. బ్రతికియున్న కీలు కొంతవరకు తన్ను తాను బాగు చేసికొనును. కదలిక కీలుకు శత్రువు కాదు. కదలని కీలే త్వరగా బిగిసిపోవును. కనుక నేత పని కీళ్ళను పాడుచేయునని నేను ప్రచారము చేయుట లేదు. ఎనుబది ఏండ్లకు కూడ మగ్గమెక్కు పెద్దలు మనలో ఉన్నారు. నలుబది ఏండ్లకే గుంట అంచులను రెండు చేతులతో పట్టుకొని పైకి లేచువారును ఉన్నారు. ఇద్దరికిని భేదమెక్కడ? గుంట లోతులోనా? పీట ఎత్తులోనా? తొక్కుడు చెక్క బిగువులోనా? విశ్రాంతిలోనా? తిండిలోనా? ఊహించి చెప్పువారు చాలమంది కలరు. కొలిచి చెప్పువారు కావలెను.

మన దేశములో నేతవారి నొప్పులను గూర్చి పరిశోధనలు జరుగలేదని కాదు. వానిలో పెక్కు, ఇంటికి వచ్చి ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుండి నొప్పి అని అడిగి వ్రాసికొన్నవి. అవియు అవసరమే. నడుము, మెడ, మోకాలు, భుజము అని మనము చెప్పితిమి. నొప్పి ఉన్నదని తేలినది. కాని పీట రెండంగుళములు ఎత్తినచో నడుముపై భారము ఎంత తగ్గునో ప్రశ్నపత్రము చెప్పజాలదు. అది ప్రయోగశాల చెప్పవలసిన మాట. ఇరానులో షిరాజ్ వైద్యశాస్త్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు, తివాచీ నేతవారి బాధలను చూచి, ఎత్తు మార్చుటకు వీలగు మగ్గమును ప్రయోగశాలలో నిలిపి, నేతవారినే కూర్చుండబెట్టి, పీటను, నేత ఎత్తును మార్చి మార్చి మెడ, నడుము ఎంత వంగుచున్నవో కొలిచిరి. ఆ కొలతలను బట్టి మగ్గము, పీట ఎట్లుండవలెనో సూచించిరి. తివాచీ నేతకు జరిగినది చీర నేతకు ఎందుకు జరుగరాదు?

మన దేశములో చేతిపనివాడు, శాస్త్రజ్ఞుడు కలిసినచో ఏమగునో జయపూరు చూపినది. అన్యదేశపు కృత్రిమ పాదము బూటు తొడుగుకొని కుర్చీలో కూర్చుండువారికై చేయబడినది. మనవాడు దానితో గొంతుకూర్చుండలేడు, బాసినపట్టు వేయలేడు, పొలములో వట్టి కాళ్ళతో నడువలేడు. 1968లో డాక్టరు పి. కె. సేఠీ అను వైద్యుడును, రామచంద్ర శర్మ అను శిల్పకారుడును కలిసి, మన కూర్చుండు తీరునకు, మన నేలకు సరిపడు జయపూరు పాదమును తయారు చేసిరి. శర్మగారికి పెద్ద చదువు లేదు. చేతిలో పని ఉన్నది. ఈ తేడా మోకాలి విషయములో నేటికిని ఉన్నది. ప్రామాణిక నడక పరీక్షలో యంత్రపు మోకాలు 58 డిగ్రీలు వంగిన చాలును. నేలపై కూర్చుండి కండెలు చుట్టు మన తల్లుల మోకాలు అంతకు దాదాపు రెండింతలో, అంతకంటె ఎక్కువగనో వంగవలసియుండును. ఎవరి జీవితమును చూచి పరీక్ష వ్రాసిరో వారి జీవితమునకే ఆ పరీక్ష సరిపోవును.

మన వారిలోనే ఇంతకంటె దగ్గరి దృష్టాంతము కలదు. తెలంగాణములోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారి తల్లి లక్ష్మిగారు పోచంపల్లి చీరలకు ఆసు పోసెడివారు. ఒక చీరకు చేతిని మేకుల చుట్టు సుమారు 9,000 సార్లు ఆడించవలెను. భుజము నొప్పితో తల్లి పడు బాధను కుమారుడు చూచెను. ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును పూర్తి చేసి దానికి తల్లి పేరే పెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. తల్లుల భుజములకు విశ్రాంతి లభించినది. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. చీర చేతినేత చీరగానే నిలిచినది. మల్లేశముగారు చేసినది కూడ కీలు కదలికను మరకు నేర్పుటయే. ఆయనకు ప్రయోగశాల లేదు, ఎదుట తల్లి భుజము ఉన్నది. ఒక్కడు ఒంటరిగా అంత చేసినపుడు, ప్రయోగశాలలును సంఘములును తోడైనచో ఎంత జరుగును?

దీనికి మూడు ఆక్షేపణలు వచ్చును. శ్రమ తగ్గవలెనన్న మరమగ్గము ఉన్నదిగదా అనువారు కొందరు. భీవండిలోను, షోలాపురములోను మరమగ్గముల నడుమ దినమంతయు నిలుచు మన సోదరులను అడిగి చూడుడు. వారి మోకాళ్ళు, మడమలు వారికి వేరు కథ చెప్పును. మర మార్చినచో నొప్పి చోటు మారును. కొలత ఉభయులకును కావలెను. తాతలు కూర్చున్న తీరునే కూర్చుందము, మార్పు ఎందుకు అనువారు కొందరు. తాతలనాటి నాడె చేతి నుండి చేతికి పోయెడిది; త్రాడు లాగి విసరు పద్ధతి తరువాత వచ్చినదే. మేలైన మార్పును మన పెద్దలు కాదనలేదు.

మూడవ ఆక్షేపణ బలమైనది. పరిశోధకులు వచ్చుదురు, కాగితములు నింపుకొందురు, పటములు తీసికొందురు, పోవుదురు. మరల వారి ముఖము కనబడదు, దినకూలి మాత్రము మనకు పోవును. ఇది మన వీధులన్నింటిలో వినబడు మాట, నిజమైన మాట. అందుచేతనే ఒక్కొక్కరుగా కాక సంఘము ద్వారా, షరతులతో ఈ పని జరుగవలెనని నా అభిప్రాయము. కొలతకు కూర్చున్న దినమునకు కూలి ఇవ్వవలెను. ఇష్టము లేనివారిని బలవంతపెట్టరాదు. కనుగొన్న సంగతిని మనకు తెలుగులో తెలుపవలెను. ఆ కొలత వలన పుట్టిన పీటగాని, చెక్కగాని మన వీధిలోని వడ్రంగి చేయగలిగినదై ఉండవలెను. ఖరీదైన యంత్రము మనకు వలదు.

ఇందుకు మన దగ్గరనే సంస్థలు కలవు. 1956 నుండి ప్రభుత్వ వీవర్స్ సర్వీస్ సెంటర్లు నడచుచున్నవి. సేలములో 1960లో స్థాపింపబడిన చేనేత సాంకేతిక సంస్థ ఉన్నది. మద్రాసు ఐ.ఐ.టి.లో వికలాంగుల పరికరములపై పనిచేయు పరిశోధన కేంద్రము కలదు. మగ్గము తెలిసినవారు ఒక చోట, కీలు తెలిసినవారు ఒక చోట ఉన్నారు. ఇద్దరిని ఒక గదిలో కూర్చుండబెట్టు పని సంఘములది. షోలాపురము, భీవండి, సేలము, కాంచీపురము, దొడ్డబళ్ళాపురము, బరంపురము, యానాము మొదలగు చోట్లనున్న మన వారు వేరువేరు రాష్ట్రములలో ఉన్నను, కీళ్ళకు రాష్ట్రముల సరిహద్దులు లేవు. తమ తమ ప్రాంతపు మగ్గము రకమొక్కటి చొప్పున పంపుటకు ముందుకు వచ్చినచో పని మొదలగును. మగ్గముతోపాటు కండెలు చుట్టుట, పడుగు తోడుట, గంజి పెట్టుట, అచ్చులు అతుకుట కూడ లెక్కలోనికి రావలెను. ఈ పనులలో మన స్త్రీల చేతులు అరుగుచున్నవి, వారి పేరు ఏ లెక్కలోను పడుట లేదు.

అంతవరకు ప్రతి ఇంటను చేయదగినది ఒకటి కలదు. ఒక కాగితముపై మీ గుంట లోతు, పీట ఎత్తు, నేయువాని పొడుగు, దినమునకు వేయు పోగులు, నొప్పి ఉన్న చోటు వ్రాసి ఉంచుడు. తండ్రి పొడుగునకు త్రవ్విన గుంటలో కుమారుడు కూర్చున్న ఇండ్లు ఎన్నియో కలవు. ఆ కాగితములు వేయి చేరినచో అదియే మన మొదటి ప్రయోగశాల.

లాంకషైరు మరమగ్గములో దెబ్బలకు ఓర్చిన వస్తువు 1962లో తుంటి గిన్నెగా మారినది. ఆ రోజున మగ్గము కీళ్ళ శాస్త్రమునకు అప్పు పెట్టినది. వడ్డీ అడుగుట లేదు. అసలు తీర్చుమని అడుగుచున్నాము. మగ్గము ముందు కూర్చున్న మనిషి కీలును కూడ ఒకమారు కొలిచి చూడుమనుటయే ఆ అసలు. సోదర సోదరీమణులు దీనిని ఆలోచించి, రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందుగా తమ అభిప్రాయములను కార్యవర్గమునకు తెలియజేయుదురని ఆశించుచున్నాను.

— ఒక చేనేత సోదరుడు